మత్తుకు శిక్ష, అమ్మకానికి రక్ష

వీధుల్లో తాగుబోతుల ఆగడాలు మితిమీరాయనీ, చట్టం మెత్తగా ఉండబట్టే వాళ్లకు భయం లేకుండా పోయిందనీ, పట్టుకున్నవాడిని పట్టుకున్నట్టే లోపలేస్తే నాలుగు రోజుల్లో దారికొస్తారనీ మన సమాజంలో ఒక అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. పత్రికల జిల్లా పేజీలు తిరగేస్తే ఇదే ధోరణి కనిపిస్తుంది. బహిరంగ మద్యపానంపై ప్రత్యేక డ్రైవ్, ఇంతమందిపై కేసులు, ఇంత జరిమానా అన్న వార్త చదివితే పాఠకుడికి ఊరట కలుగుతుంది. చెరువు గట్ల మీదా తోటల్లోనూ తాగేవారిని పట్టుకోవడానికి డ్రోన్లు ఎగరేశారంటే మెచ్చుకోళ్లు వస్తాయి. ఈ అభిప్రాయం ఉన్నవారు చెడ్డవారేమీ కాదు. చీకటి పడ్డాక వైన్ షాపు ముందు నుంచి నడిచి వెళ్లాల్సిన ఆడపిల్ల భయం, తాగొచ్చిన మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలి దుఃఖం, తాగినవాడి బండి కింద బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల కడుపుకోత దాని వెనక ఉన్నాయి. ఆ భయమూ ఆ దుఃఖమూ నిజం కాబట్టే, వాటి పేరు చెప్పి మనం నడుపుతున్న కేసుల తంతు వాటిలో ఏ ఒక్కదాన్నీ తగ్గించడం లేదని గట్టిగా చెప్పాల్సి వస్తోంది. నలుగురిలో మత్తుగా కనబడటాన్నే నేరంగా చూసే చట్టాన్ని ఎత్తేయాలి. మత్తులో ఇతరులకు చేసిన హానికి మాత్రం శిక్ష తప్పకూడదు. ఇవాళ పోలీసు నెత్తిన పెట్టిన మిగతా పనిని వైద్యానికీ, అమ్మకందారు మీద నిఘాకూ మళ్లించాలి. నా వాదన ఇది.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 510వ సెక్షన్ ఉండేది. మత్తులో బహిరంగ స్థలానికి వచ్చి ఎవరికైనా చికాకు కలిగించేలా ప్రవర్తిస్తే 24 గంటల వరకూ సాధారణ జైలు, లేదా 10 రూపాయల వరకూ జరిమానా, లేదా రెండూ. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అదే నేరం 355వ సెక్షన్ అయింది. జరిమానా 1,000 రూపాయలకు పెరిగింది, సమాజ సేవ అనే శిక్ష కొత్తగా చేరింది, మిగతాదంతా పాతదే. నేరానికి ప్రాణం ‘చికాకు’ అన్న ఒక్క మాటలో ఉంది. ఎవరికి కలగాలి, ఎంత కలగాలి, దాన్ని ఎలా తూచాలి అన్నదానికి కొలత లేదు. ఇది వారంటు లేకుండా అరెస్టు చేయడానికి వీల్లేని, బెయిలు హక్కుగా దొరికే నేరాల జాబితాలో ఉంది. అంటే చట్టం రాసినవాళ్లే దీన్ని అతి చిన్న తప్పుగా లెక్కగట్టారు. అయినా నగర పోలీసు చట్టాలు, న్యూసెన్స్ చట్టాలు, ఎక్సైజ్ నిబంధనలు కలిపి ప్రయోగిస్తే రాత్రికి స్టేషనుకు తీసుకుపోవడం, తెల్లారి మేజిస్ట్రేటు ముందు నిలబెట్టడం, ఒప్పుకోలు, జరిమానా అనే వరుస నడిచిపోతుంది. కూలి పోయిన రోజుకు పరిహారం ఉండదు గనక నిలబడి కేసు వాదించుకునేవాడు అరుదు. ఒప్పుకుని డబ్బు కట్టి బయటపడటమే అతనికి చౌక. నేరం రుజువు చేయాల్సిన అవసరం లేకుండానే కేసుల సంఖ్య పెరుగుతుంది. ఆ సంఖ్యను చూసి చట్టం గట్టిగా అమలవుతోందని మనం నమ్ముతాం.

ఆ సంఖ్యలో ఎవరున్నారో చూస్తే ఈ చట్టం నైజం తెలుస్తుంది. నేరం జరగాలంటే ‘బహిరంగ స్థలం’ కావాలి. క్లబ్బులో, ఫామ్‌హౌస్‌లో, ఇంటి పైఅంతస్తు గదిలో ఎంత తాగినా ఈ సెక్షన్ తలుపు తట్టదు. తాగినవాడిని డ్రైవరు ఇంటికి చేర్చేస్తే అతడు బహిరంగ స్థలంలో కాలు పెట్టినట్టే ఉండదు. ఒకే గదిలో అయిదుగురు బతికే ఇల్లున్న భవన నిర్మాణ కూలీ, లారీ క్లీనరు, హమాలీ, ఊరు విడిచి వచ్చి పని దొరికిన చోటే పడుకునే వలస కార్మికుడు క్వార్టర్ సీసా కొంటే తాగేది ఎక్కడ? షాపు పక్క సందులో, ఖాళీ స్థలంలో, ఫ్లైఓవరు కింద. ఆ సీసా అతనికి లైసెన్సు ఉన్న దుకాణమే అమ్మింది, దాని మీద పన్ను ప్రభుత్వమే తీసుకుంది. పది అడుగుల అవతల అదే ప్రభుత్వపు మరో శాఖ అతన్ని పట్టుకుంటుంది. ఇద్దరూ తాగినది ఒకే పదార్థం, ఎక్కినది ఒకే మత్తు. ఒకరిని నేరస్థుణ్ని చేసినది అతనికి నాలుగు గోడలు లేకపోవడం. పేదరికానికి పడే జరిమానాను క్రమశిక్షణ అని పిలవడం న్యాయం అనిపించుకోదు.

ఈ సెక్షన్ తీసేస్తే తాగి అల్లరి చేసేవారిని ఆపే ఆధారమే పోతుందని చాలామంది అనుకుంటారు. న్యాయ సంహితను పేజీ పేజీగా చూస్తే ఆ భయం నిలవదు. ఒకరిని కొడితే 115వ సెక్షన్ ఉంది. బెదిరిస్తే 351 ఉంది. స్త్రీ మర్యాదకు భంగం కలిగించేలా దాడి చేస్తే 74, లైంగికంగా వేధిస్తే 75, వెంటపడితే 78, అసభ్యమైన మాటా సైగా చేస్తే 79 ఉన్నాయి. వీటిలో ప్రతి ఒక్కటీ 24 గంటల శిక్ష కంటే ఎంతో బరువైనది. తాగి ఉన్నానన్న సాకు వీటిలో దేనికీ చెల్లదు. తనకు తెలియకుండానో, తన ఇష్టానికి విరుద్ధంగానో ఎవరైనా మత్తు పట్టించినప్పుడు మాత్రమే మినహాయింపు ఉందని 23, 24 సెక్షన్లు స్పష్టం చేశాయి. కాబట్టి ఆడపిల్ల దారికి అడ్డం పడినవాడిపై పెట్టాల్సిన కేసు తాగినందుకు కాదు, అడ్డం పడినందుకు. ఆచరణలో జరుగుతున్నది దీనికి విరుద్ధం. వేధింపు కేసు పెడితే వాంగ్మూలం కావాలి, దర్యాప్తు కావాలి, సాక్ష్యం కావాలి. తాగి న్యూసెన్స్ చేశాడని రాస్తే తెల్లారేసరికి ఫైలు మూతపడుతుంది. తేలిక సెక్షన్ చేతిలో ఉన్నంతకాలం బరువైన నేరం దానిలో కరిగిపోతుంది. వేధించినవాడు వెయ్యి రూపాయలు కట్టి అదే వీధికి తిరిగొస్తాడు. మహిళల భద్రత పేరుతో ఈ చట్టాన్ని సమర్థించేవారు గమనించాల్సినది ఇది.

తాగి బండి నడపడం సంగతి వేరు. ఆ తేడాను చెరిపేయడం వల్లే ఈ చర్చ దారి తప్పుతోంది. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమంటుంది. 2019 సవరణతో మొదటిసారి దొరికితే 6 నెలల వరకూ జైలు లేదా 10,000 రూపాయల జరిమానా, మళ్లీ దొరికితే 2 ఏళ్ల వరకూ జైలు లేదా 15,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడతాయి. అక్కడ హద్దుకు అంకె ఉంది, కొలిచే బ్రీత్ అనలైజర్ ఉంది, కారు తోలేవాడికీ ఆటో తోలేవాడికీ ఒకే పరీక్ష. ఇతరుల ప్రాణానికి ముప్పు తెచ్చే ఒక నిర్దిష్టమైన పని చేశాడన్నదే అక్కడ నేరం. ఆ తనిఖీలు ఇంకా పెరగాలి. ఏదో ఒక శనివారం రాత్రి, ఏదో ఒక కూడలికి పరిమితం కాకుండా జిల్లా రోడ్లకూ పాకాలి. ఒక మంచి చట్టానికి ఉండాల్సిన లక్షణాలన్నీ 185లో ఉన్నాయి, 355లో ఒక్కటీ లేదు. బండి తాళం జేబులో లేకుండా, ఎవరి జోలికీ పోకుండా, ఫుట్‌పాత్ మీద పడిపోయినవాడిని రోడ్డు మీద మనుషుల్ని చంపేవాడితో ఒకే గాట కట్టడం వల్ల రెండో వాడి నేర తీవ్రత కూడా పలచబడుతోంది. స్టేషనులో ఉన్న కొద్దిమంది సిబ్బంది పడిపోయినవాళ్లను ఎత్తి జీపులో వేసే పనిలో ఉంటే, హైవే మీద తనిఖీకి మిగిలేదెవరు?

శిక్ష చాలకే ఇదంతా, ఏళ్ల తరబడి జైలు ఉంటే తెలిసొచ్చేది అనేవారికి మన దేశమే ఒక జవాబు ఇచ్చింది. బీహార్‌లో 2016 ఏప్రిల్ నుంచి సంపూర్ణ మద్య నిషేధం ఉంది. ఆ ఏడాది చేసిన చట్టం ప్రకారం తాగినట్టు కనిపిస్తే చాలు, 5 నుంచి 7 ఏళ్ల జైలు. తాగి గొడవ చేస్తే 10 ఏళ్లకు తగ్గకుండా. ఊరు మొత్తానికి కలిపి జరిమానా వేసే అధికారం కూడా మొదట్లో ఉంది. దేశంలో ఇంతకంటే కఠినమైన మద్య చట్టం ఊహించడం కష్టం. దాని కింద తొలి శిక్ష 2017 జులైలో జెహానాబాద్‌లో పడింది. శిక్ష పడినది సారా వ్యాపారికి కాదు, స్మగ్లరుకు కాదు. ముసహర్ కులానికి చెందిన ఇద్దరు అన్నదమ్ములకు, రెక్కాడితేగానీ డొక్కాడని కూలీలకు, 5 ఏళ్ల జైలు, చెరో లక్ష జరిమానా. ఆ తర్వాత ఏమైంది? 2018లో మొదటి తప్పుకు శిక్షను 3 నెలల జైలు లేదా 50,000 జరిమానాకు దించారు. 2022లో దాన్ని మళ్లీ మార్చి, మొదటిసారి దొరికినవాడు 2,000 నుంచి 5,000 రూపాయల దాకా కట్టి బయటపడేలా చేశారు. మొదట్లో 5 ఏళ్ల జైలుకు తగిన నేరమన్న దానికి ఆరేళ్లు గడిచేసరికి కొన్ని వేల రూపాయలు చాలన్నది అదే ప్రభుత్వం. కఠిన శిక్ష పనిచేసి ఉంటే ఈ వెనకడుగు అవసరమయ్యేది కాదు.

ఆ వెనకడుగుకు ముందు కోర్టుల్లో ఏం జరిగిందో తెలుగునేల మీదే అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి చెప్పారు. 2021 డిసెంబరులో విజయవాడ సిద్ధార్థ న్యాయ కళాశాలలో ప్రసంగిస్తూ జస్టిస్ ఎన్.వి. రమణ, ముందుచూపు లేకుండా చేసే చట్టాలకు బీహార్ మద్య నిషేధ చట్టాన్నే ఉదాహరణగా చూపారు. హైకోర్టు బెయిలు దరఖాస్తులతో నిండిపోయి, మామూలు బెయిలు తేలడానికే ఏడాది పడుతోందని అన్నారు. 2024 అక్టోబరులో పట్నా హైకోర్టు ఇంకో అడుగు ముందుకు వేసి, ఈ చట్టంలోని కఠిన నిబంధనలు పోలీసులకు రాబడి మార్గంగా మారాయనీ, బరువంతా పేదల మీద పడుతోందనీ వ్యాఖ్యానించింది. ఈలోగా 2022 డిసెంబరులో సారణ్ జిల్లాలో కల్తీ సారా 70 మందికి పైగా ప్రాణాలు తీసింది. మిథైల్ ఆల్కహాల్ కలిసిన సారా తాగినవాడికి మొదటి గంటలే ప్రాణాధారం. తాగడమే నేరమైన చోట చూపు మసకబారినవాడు ఆస్పత్రి గడప తొక్కాలంటే ముందు తన నేరం ఒప్పుకోవాలి. నిషేధం వల్ల కొన్ని ఇళ్లలో హింస తగ్గిందన్న అధ్యయనాలు ఉన్నాయి, వాటిని కొట్టిపారేయక్కర్లేదు. కానీ ఆ మేలు సరుకు అందుబాటు తగ్గినందువల్ల వచ్చినదిగా చూడటమే సబబు. తాగిన కూలీని జైల్లో పెట్టడం వల్ల వచ్చిందని చెప్పడానికి ఆధారం లేదు. అసలు ఆ శిక్షను ప్రభుత్వమే వదులుకుంది.

ఇక్కడ తెలుగువారు గుర్తుంచుకోవాల్సిన సొంత చరిత్ర ఒకటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షర దీపం రాత్రి బడుల్లో చదువు నేర్చుకున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్ల కంటే ఎక్కువగా తాగుబోతుల వల్ల నష్టపోయినవారు ఎవరూ లేరు. మొగుళ్లు తన్నినవాళ్లు, కూలి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లు, పిల్లల్ని పస్తు పడుకోబెట్టినవాళ్లు. అయినా వాళ్ల ఉద్యమానికి ప్రాణమైన కోరిక మా మొగుళ్లను జైల్లో పెట్టండన్నది కాదు. మా ఊళ్లో దుకాణం తీసేయండన్నారు. సారా ప్యాకెట్లు తగలబెట్టారు, కొట్లు మూయించారు, సారా వేలం పాటలు జరగనివ్వలేదు. వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరా పారించిన ఏర్పాటే తమ ఇళ్లను కూల్చిందని పాఠాలతోపాటే అర్థం చేసుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో ప్రభుత్వం దాన్ని సడలించింది. ఆ సడలింపు తర్వాత మనం ఆ ఉద్యమపు కోపాన్ని ఉంచుకుని గురిని మార్చేశాం. వాళ్లు వేలెత్తి చూపింది అమ్మేవాడి మీద, అమ్మించే సర్కారు మీద. ఇవాళ ఆ వేలు తాగి పడిపోయినవాడి మీదికి తిప్పారు. ఆడవాళ్ల కన్నీళ్ల పేరు చెప్పి తాగినవాడిపై పెట్టీ కేసులు రాయడం దూబగుంట వారసత్వం కాదు.

పైగా ఇల్లాలిపై హింస జరిగేది వీధిలో కాదు, ఇంట్లో. బహిరంగ మత్తు చట్టం దాని నిర్వచనం వల్లనే గుమ్మం దగ్గర ఆగిపోతుంది. తాగినవాడిని వీధిలోంచి తరిమేస్తే అతడు వెళ్లేది ఇంటికే. ఆ రాత్రి జరిమానాకు పోయిన డబ్బు ఇంటి బియ్యానికి ఉంచినదై ఉంటుంది. స్టేషనులో పడ్డ అవమానానికి బదులు తీర్చుకునేది భార్య మీద, పిల్లల మీద. ఇంట్లో ఆడవాళ్లకు రక్షణ కావాలంటే ఉన్న ఆయుధాలు వేరు. 2005 గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు, ఇంట్లో ఉండే హక్కు, భరణం ఉన్నాయి. ఆ చట్టం అమలుకు కావాల్సిన రక్షణ అధికారులు తగినంతమంది లేక, ఉన్నవారికి వేరే పనులు నెత్తిన పడి, అర్జీలు ఆలస్యమవుతుంటే ఆ లోటు మీద మన గొంతు లేవదు. సందులో తాగుతున్న నలుగురిపై కేసు పెట్టారన్న వార్తతో తృప్తి పడిపోతాం. భద్రత కోరుకునేవారు అడగాల్సినది రక్షణ అధికారిని, రాత్రి ఫోను ఎత్తే పోలీసును, ఆశ్రయమిచ్చే ఇంటిని.

ఒక్క రాత్రి లాకప్‌లో ఉంటే ఏం పోతుంది, మత్తు దిగాక వదిలేస్తారుగా అనేవారు ఆ రాత్రి లాకప్‌లో ఏం జరగగలదో ఆలోచించాలి. తలకు దెబ్బ తగిలి లోపల రక్తం గడ్డకడుతున్నవాడు, చక్కెర పడిపోయిన మధుమేహ రోగి, పక్షవాతం వస్తున్నవాడు తూలడంలో, మాట తడబడటంలో తాగినవాడిలాగే కనిపిస్తారు. కానిస్టేబులు వాళ్లను వేరు చేయలేడు, అతనికి ఆ శిక్షణ లేదు. ఏళ్ల తరబడి తాగేవాడికి మద్యం ఒక్కసారిగా ఆగిపోతే రెండు రోజుల లోపే ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి చెదిరి ప్రాణం మీదికి తెచ్చే డెలీరియం ట్రెమెన్స్ రావచ్చు. ఆస్ట్రేలియా ఈ పాఠాన్ని చాలా ఖరీదుకు నేర్చుకుంది. ఆదివాసుల 99 కస్టడీ మరణాలను పరిశీలించిన రాయల్ కమిషన్, బహిరంగంగా తాగి ఉండటాన్ని నేరాల జాబితా నుంచి తీసేయమని 1991లోనే చెప్పింది. విక్టోరియా రాష్ట్రం వినలేదు. 2017 డిసెంబరులో రైల్లో నిద్రపోతున్న 55 ఏళ్ల ఆదివాసీ మహిళను అదే నేరం కింద పట్టుకుని కాసిల్‌మేన్ స్టేషనులో ఉంచారు. సెల్‌లో పడి తలకు దెబ్బ తగిలింది, రెండు వారాలు దాటాక ఆమె చనిపోయింది. ఆమె ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఆమె పిల్లల పోరాటంతో 2021లో రద్దు చట్టం వచ్చి, 2023 నవంబరులో అమలైంది. కమిషన్ చెప్పిన 32 ఏళ్లకు! మన లాకప్‌లలో ఎవరు చనిపోయినా నిజం బయటికి రావడం ఎంత కష్టమో తెలిసిన మనం, మనుషుల్ని అక్కడికి పంపే కారణాలను తగ్గించుకోవాలి గానీ పెంచుకోకూడదు.

అమెరికా అనుభవం ఇంకో కోణం చూపుతుంది. అధ్యక్షుడు నియమించిన నేర విచారణ కమిషన్ 1967లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 1965లో ఆ దేశంలో జరిగిన ప్రతి మూడు అరెస్టుల్లో ఒకటి బహిరంగంగా తాగి ఉన్నందుకే. అలాంటివి మొత్తం 20 లక్షల అరెస్టులు. పట్టుకోవడం, వదలడం, మళ్లీ పట్టుకోవడం. 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పావెల్ వర్సెస్ టెక్సాస్ కేసులో నిందితుడు అదే నేరానికి అంతకుముందు దాదాపు 100 సార్లు శిక్ష పడ్డవాడు. ఇన్నిసార్లు శిక్షించినా అతడు మానలేదంటే లోపం శిక్ష పరిమాణంలో లేదని అర్థం. కోర్టు 5-4 తేడాతో ఆ శిక్షను నిలబెట్టింది. ప్రధాన అభిప్రాయం రాసిన జస్టిస్ తర్‌గుడ్ మార్షల్ చెప్పిన కారణాల్లో ఒకటి మనకు ముఖ్యం. చికిత్స ఇచ్చే చోట్లే తగినన్ని లేనప్పుడు జైలు శిక్షకైనా ఒక హద్దు ఉంటుందని ఆయన అన్నారు. అంటే ఆ చట్టానికి దొరికిన సమర్థన దాని మంచితనం కాదు, ప్రత్యామ్నాయం లేకపోవడం. అక్కడి రాష్ట్రాలు ఆ లోటును గుర్తించాయి. 1971లో రూపొందిన నమూనా చట్టాన్ని అనుసరించి చాలా రాష్ట్రాలు మత్తును నేరం నుంచి చికిత్స పరిధిలోకి మార్చుకున్నాయి. ప్రాగ్‌లో డాక్టర్ యారొస్లావ్ స్కాలా 1951లోనే మత్తు దిగేదాకా వైద్యుల పర్యవేక్షణలో ఉంచే కేంద్రం తెరిచారు. ఇది కొత్త ఆలోచన కాదు, మనకు పట్టనిది మాత్రమే.

మనకు పట్టకపోవడానికి కారణం రోగులు లేకపోవడం కాదు. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వే ప్రకారం దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. వారిలో 5.7 కోట్ల మందికి దాని వల్ల వచ్చిన సమస్యకు సాయం కావాలి. మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతోంది. ఆస్పత్రిలో చేర్చుకుని చేసే చికిత్స 180 మందిలో ఒక్కరికే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు పైబడిన మగవారిలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం తాగుతున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో దుకాణాలు మూతపడగానే వణుకుతో, ఫిట్స్‌తో, పిచ్చి చూపులతో మనుషులు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి బారులు తీరారు. ఏ పోలీసు లెక్కల్లోనూ కనిపించని రోగం ఆ వారం రోజుల్లో బయటపడింది. మన చట్టం కూడా దీన్ని రోగమనే అంటోంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం దుర్వినియోగంతో ముడిపడ్డ మానసిక స్థితులను మానసిక అనారోగ్యం నిర్వచనంలో చేర్చింది. తనను తాను చూసుకోలేని స్థితిలో తిరుగుతున్న అలాంటి మనిషిని పోలీసు రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చాలనీ, ఏ పరిస్థితిలోనూ లాకప్‌లో పెట్టరాదనీ 100వ సెక్షన్ చెబుతోంది. తాగిన ప్రతివాడూ రోగి కాడు, నిజమే. కానీ వారం వారం అదే సందులో దొరికేవాడు ఈ చట్టం కిందికి వస్తాడా, న్యాయ సంహిత కిందికి వస్తాడా అని అడిగే తీరిక స్టేషనులో ఎవరికీ లేదు. పార్లమెంటు చేసిన రెండు చట్టాల్లో ఒకటి ఆస్పత్రికి దారి చూపుతుంటే, మనం అలవాటుగా రెండోదాన్నే పట్టుకుంటున్నాం.

కొత్త చట్టంలో సమాజ సేవ చేర్చారుగా, అది మానవీయమే కదా అనేవారున్నారు. జైలు కంటే మేలే, కాదనను. కానీ సమాజ సేవ అన్నది నేరం రుజువైనవాడికి పడే శిక్ష, జీతం లేని చాకిరీ. రోజు కూలి మీద బతికేవాడికి రెండు రోజులు ఉచితంగా రోడ్డు ఊడవడం అంటే రెండు రోజుల తిండి. మెడలో బోర్డు వేలాడదీసి కూడలిలో నిలబెట్టడం, ఆ ఫొటోలు, వీడియోలు జనంలోకి వదలడం లాంటివి అసలు ఏ సెక్షన్‌లోనూ లేని శిక్షలు. సిగ్గు పడితే మానేస్తాడని అనుకుంటారు. తాగుడుకు లోబడినవాడు సిగ్గును దాచుకోవడానికి వెతుక్కునే మొదటి చోటు మళ్లీ సీసానే. శిక్ష రూపం మెత్తబడినంత మాత్రాన, రోగానికి శిక్ష వేయడమనే తప్పు ఒప్పైపోదు.

ఎవడు తాగమన్నాడు, వాడి చికిత్సకు మా పన్నులు ఎందుకు అన్నది చివరి అభ్యంతరం, జనంలో బాగా వినిపించేది. లెక్క చూద్దాం. 2023లో తెలంగాణ 2,620 మద్యం దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే సుమారు 1.32 లక్షలు వచ్చాయి. లాటరీలో షాపు దక్కినా దక్కకపోయినా తిరిగివ్వని 2 లక్షల రుసుము వల్లనే ఖజానాకు 2,600 కోట్లకు పైగా చేరింది. 2024లో ఆంధ్రప్రదేశ్ 3,396 దుకాణాలకు అదే పద్ధతి పాటిస్తే 1,800 కోట్ల దాకా వచ్చింది. ఒక్క సీసా అమ్మకముందు వచ్చిన డబ్బు ఇది. ఆ తర్వాత ప్రతి క్వార్టర్ మీదా ఎక్సైజ్ సుంకం, వ్యాట్ వస్తూనే ఉంటాయి. తాగేవాడు తన చికిత్సకు కావాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ముందే కట్టేశాడు. మద్యపానాన్ని నిషేధించేందుకు కృషి చేయమని రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రభుత్వానికి చెప్పింది. ఆ కృషిని పక్కన పెట్టి, అమ్మకాన్ని ఖజానాకు ఆధారం చేసుకున్న ప్రభుత్వానికి తాగినవాడిని నిందించే నైతిక హక్కు లేదు.

చేయాల్సిన పని అసాధ్యమైనదేమీ కాదు. 355వ సెక్షన్‌ను రద్దు చేయాలి. అది పార్లమెంటు చేతిలో ఉన్న పని కాబట్టి ఈలోగా రాష్ట్రాలు, ఎవరికీ హాని చేయనివాడిపై ఆ సెక్షన్ కింద గానీ న్యూసెన్స్ నిబంధనల కింద గానీ కేసు పెట్టవద్దని పోలీసులకు ఉత్తర్వులివ్వవచ్చు. దారిలో పడి ఉన్నవాడిని ఇంటికో, ఆస్పత్రికో చేర్చడం పోలీసు విధి కావాలి, అరెస్టు కాకూడదు. ప్రతి జిల్లా ఆస్పత్రిలో, పెద్ద ఏరియా ఆస్పత్రుల్లో మత్తు దిగేదాకా నర్సు కనిపెట్టుకుని ఉండే నాలుగు పడకలు కేటాయించాలి, అక్కడి నుంచే డీ అడిక్షన్ చికిత్సకు దారి ఉండాలి. ఎక్సైజ్ రాబడిలో ఒక భాగాన్ని చట్టం చేసి దీనికి కట్టిపెట్టాలి. బడ్జెట్‌లో ఎవరి దయ మీదా ఆధారపడకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా చట్టం చూపు అమ్మేవాడి మీదికి మళ్లాలి. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని 2016 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, చిన్న ఊళ్లకు దూరం తగ్గించుకోవడానికీ, పురపాలక సంఘాల పరిధిని మినహాయించుకోవడానికీ ఎంత పట్టుదల కనిపించిందో చూశాం. ఆ పట్టుదలలో పదో వంతు బెల్టు షాపుల మీద, 21 ఏళ్లు నిండని కుర్రాళ్లకు అమ్మే దుకాణాల మీద, నిలబడలేనివాడికి ఇంకో సీసా అందించే కౌంటర్ల మీద చూపితే వీధులు తేరుకుంటాయి. లైసెన్సు రద్దవుతుందన్న భయం వ్యాపారి మీద పనిచేస్తుంది, ఎందుకంటే అతడు లాభనష్టాలు లెక్క వేసుకుని నడిచేవాడు. లెక్క వేయలేని స్థితిలో ఉన్నవాడి మీద భయం పనిచేయదని వంద శిక్షలు పడ్డ టెక్సాస్ మనిషి కేసు చెప్పింది, ఆరేళ్లలో దిగివచ్చిన బీహార్ చెప్పింది. ఈ రాత్రి స్టేషనుకు తెచ్చినవారి సంఖ్యను విజయంగా లెక్కపెట్టడం మానుకుని, ఈ ఏడాది చికిత్స అందినవారెందరు, లైసెన్సు పోయిన దుకాణాలెన్ని, వేధింపు కేసుల్లో శిక్ష పడ్డవారెందరు అని ప్రజలు అడగాలి. ఆ మూడు అంకెలు పెరిగిన రోజున మన ఆడపిల్ల నిజంగా నిర్భయంగా నడుస్తుంది. అవి పెరగనంత కాలం పెట్టీ కేసుల పట్టిక ఎంత పొడవున్నా అది మన భద్రతకు లెక్క కాదు.